1946 నాటి విమానం ఫొటోలో హీత్ మీద గీతలు, చతురస్రాలు, రింగులు... ఏంటివి?

హీత్_నడక:
అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్ లో సౌతాంప్టన్ దగ్గర ఉంటా, శని ఆదివారాలు న్యూ ఫారెస్ట్ లో తిరగడం అలవాటు. పేరుకి ఫారెస్ట్ గానీ చాలా చోట్ల చెట్టనేదే కనిపించదు, మోకాలెత్తు హెదర్ పొదలు, గోర్స్ ముళ్ళు, బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కలు, మధ్యలో మేస్తున్న గుర్రాలు. దాన్నే ఇక్కడ హీత్ అంటారు, పంటకి పనికిరాని ఇసక నేల అన్నమాట. సరే విషయం ఏంటంటే 1946 లో ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) వాళ్ళు పైనుంచి తీసిన ఫొటో ఒకటి ఆన్‌లైన్లో చూస్తున్నా, నేను రోజూ నడిచే చోటే, అక్కడ నేల మీద నాకెప్పుడూ కనపడనివి ఏవేవో ఉన్నాయి. ఒక పక్క చిన్న చతురస్రాలు నాలుగైదు, మూలలు కాస్త గుండ్రంగా, ఒక్కో పక్క 20 మీటర్లు ఉంటుందేమో. ఇంకో పక్క హీత్ కి అడ్డంగా పొడుగాటి గీతలు, కానీ ముక్కలు ముక్కలుగా తెగి ఉన్నాయి, వాటిని కోస్తూ ఇంకో వరస. చివర్లో రోడ్డుకి దగ్గరగా ఒక రింగు, మధ్యలో చుక్క, దాని పక్కన ఇంకో రెండు చిన్న రింగులు. ఇప్పటి మ్యాప్ లో అక్కడ ఏమీ రాసి లేదు. రోమన్ల క్యాంపులా? స్క్రీన్‌షాట్లు కింద పెట్టాను, తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఆయ్_కోనసీమ:
ఏవండోయ్ మూడో ఫొటోలో అవి గుంటలా దిబ్బలా అండి? నాకు ఒకసారి ఇడ్లీ పాత్రలో గుంటల్లా కనిపిస్తున్నాయి, కళ్ళు ఆర్పి చూస్తే ఇడ్లీల్లా కనిపిస్తున్నాయి.

లలిత_జీఐఎస్:
@ఆయ్_కోనసీమ మీ కళ్ళకేం కాలేదండి, అందరికీ అంతే. మన బుర్ర వెలుతురు పైనుంచి పడుతుందని ముందే ఫిక్సయి ఉంటుంది. ఇంగ్లండ్ లో సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే కదా, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరం పైకి పెట్టి ఫొటో చూస్తే వెలుగు కింద నుంచి వచ్చినట్టవుతుంది, దాంతో గుంట దిబ్బయిపోతుంది దిబ్బ గుంటయిపోతుంది. ఫొటోని తలకిందులు చేసి, నీడలు మీ వైపు పడేలా పెట్టుకుని చూడండి. విమానం ఫొటోలు చదివేవాళ్ళు మొట్టమొదట చేసే పని ఇదే.

హీత్_నడక గారూ, మూడు ఫొటోలూ తిప్పి మళ్ళీ పెట్టండి, వీలైతే స్కేల్ బార్ తో. ఇంకొకటి, ఆ సర్వే ఫొటోలు ఒకదాని మీద ఒకటి సగం పైన కలిసేలా తీశారు, కాబట్టి మీ ఫ్రేమ్ కి ముందుదో తర్వాతదో దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి స్టీరియోలో చూడొచ్చు, ఎత్తుపల్లాలు లేచి కనిపిస్తాయి.

మ్యాప్_పిచ్చి:
రోమన్ క్యాంపు కాదు బ్రో. రోమన్ మార్చింగ్ క్యాంపు అంటే ఎకరాలకి ఎకరాలు ఉంటుంది, 20 మీటర్ల చతురస్రంలో సైన్యం ఏం పడుకుంటుంది. న్యూ ఫారెస్ట్ లో రోమన్ కాలంవి ఎక్కువగా కుండల బట్టీలు, 3, 4 శతాబ్దాల్లో అక్కడ కుండల ఇండస్ట్రీయే నడిచింది, కానీ వాటి ఆనవాళ్ళు పెంకులు కలిసిన చిన్న దిబ్బలు, ఇలా చక్కగా గీసిన గట్లు కావు.

నాకైతే ఆ చతురస్రాలు చూడగానే బీ గార్డెన్స్ అనిపించింది. అంటే తేనెటీగల దొడ్లు. ఆగస్టులో హెదర్ పూస్తుంది కదా, హీత్ అంతా ఊదా రంగు, అప్పుడు ఊళ్ళలో వాళ్ళు గడ్డితో అల్లిన తేనెపట్టు బుట్టలు తెచ్చి హీత్ మీద పెట్టేవాళ్ళు. గుర్రాలు, పశువులు వచ్చి తన్నెయ్యకుండా చుట్టూ చిన్న మట్టికట్ట, దాని బయట కాలవ. సీజన్ అయ్యాక బుట్టలు ఇంటికి, గట్టు మాత్రం అక్కడే. హేవుడ్ సమ్నర్ అని ఒకాయన, ఆర్టిస్టు, ఈ ఫారెస్ట్ మట్టికట్టలన్నీ నడిచి కొలిచి 1917 లో పుస్తకం వేశాడు, అందులో వీటిని గుర్తుపట్టి రాశాడు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా గిదేంది, తేనెటీగలకు కోట కట్టిన్రా 😂 మస్తుగుంది. కని నాదొక డౌటు. పురాతన సమాధులో, కోటలో అనుకుంటం గద, గవి తేనె దొడ్లు అని ఎట్ల తెలుస్తది? మట్టి మీద రాసుంటదా ఏమన్న?

మ్యాప్_పిచ్చి:
@ఓరుగల్లు_పోరడు మంచి ప్రశ్న తమ్ముడూ. రాసుండదు. సైజు, ఎక్కడ ఉంది, లోపల ఏముంది, ఈ మూడూ కలిపి చూడాలి. లోపల ఇల్లు ఉన్న ఆనవాలు లేదు, నీటి దగ్గర కాదు, చుట్టూ హెదర్, గట్టు మనిషిని ఆపేంత ఎత్తు లేదు కానీ ఆవుని ఆపుతుంది. పైగా ఒకే రకంవి చెల్లాచెదురుగా నాలుగైదు. పాత ఇల్లో పొలమో అయితే పక్కన దారి, ఇంకో గట్టు, ఏదో ఒకటి తగులుకుని ఉంటుంది, ఇవి మాత్రం ఒంటరిగా ఉంటాయి.

పాతరాయి:
నేను సర్వే డిపార్ట్‌మెంట్ లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు మా అమ్మాయి దగ్గర రెడింగ్ లో ఉంటున్నాను. బీ గార్డెన్ అన్న మాట బానే ఉంది కానీ కుందేళ్ళ దిబ్బ అయ్యే అవకాశం కూడా చూడండి. కుందేళ్ళు ఈ దేశానికి నార్మన్లతో వచ్చాయి, మాంసం, చర్మం కోసం పెంచేవారు, తొలి రోజుల్లో వాటికి బొరియ తవ్వుకోవడం కూడా కష్టమని మనుషులే మెత్తటి మట్టితో పొడుగాటి దిబ్బలు కట్టి ఇచ్చేవారు. పిల్లో మౌండ్ అంటారు. అవి కూడా మూలలు గుండ్రంగా చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉంటాయి, చుట్టూ సన్న కాలవ ఉంటుంది. నార్ఫోక్ లో థెట్‌ఫర్డ్ వైపు హీత్ అంతా శతాబ్దాల పాటు కుందేళ్ళ తోటలే.

మ్యాప్_పిచ్చి:
పాతరాయి గారూ నమస్తే అండి. పిల్లో మౌండ్ అయితే మధ్యలో నిండుగా ఉబ్బి ఉంటుంది కదండి, ఇది అంచులు ఎత్తు, మధ్య చదును. లలిత గారు చెప్పినట్టు తిప్పి చూస్తే నాకు మధ్య చదునుగానే కనిపిస్తోంది. లైడార్ చూస్తే ఖాయంగా తేలిపోతుంది.

హీత్_నడక:
తిప్పి పెట్టాను చూడండి. అబ్బా ఇప్పుడు పూర్తిగా వేరేగా ఉంది! చతురస్రాల్లో మధ్య చదునే, చుట్టూ సన్నటి గట్టు. గీతలు మాత్రం కాలవలు, కాలవ పక్కన తెల్లగా మట్టి పోసినట్టుంది, ఆ మట్టి కూడా వరసగా కాకుండా కుప్పలు కుప్పలుగా ఉంది.

లైడార్ అంటే ఏంటండి, డబ్బులు కట్టాలా?

లలిత_జీఐఎస్:
ఫ్రీనే అండి. విమానం నుంచి లేజర్ కొట్టి నేల ఎత్తు కొలుస్తారు, ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్ళు తమ డేటా మొత్తం 2015 నుంచి ఓపెన్ గా పెట్టారు, 1 మీటర్ రిజల్యూషన్ డౌన్‌లోడ్ చేసుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ లో వేసుకోవచ్చు. పొదలు తీసేసిన డీటీఎం తీసుకోండి, పొదలతో ఉన్న డీఎస్ఎం వద్దు. అయితే హీత్ మీద ఒక చిక్కు ఉంది, అడవిలో అయితే ఆకుల సందుల్లోంచి లేజర్ నేలదాకా పోతుంది, దట్టమైన గోర్స్, బ్రాకెన్ ఉన్నచోట పొద పైభాగాన్నే నేల అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి లైడార్ లో దిబ్బ కనిపించగానే సంబరపడొద్దు, గోర్స్ పొద అయ్యుండొచ్చు.

హిల్‌షేడ్ అంటే ఒక దిక్కు నుంచి వెలుతురు పడ్డట్టు కంప్యూటర్ నీడలు గీసే బొమ్మ, దాన్ని ఒక్క దిక్కు నుంచే వేసి చూసి వదిలెయ్యొద్దు. వెలుతురు ఏ దిక్కు నుంచి వేశారో ఆ దిక్కుకి సమాంతరంగా ఉన్న గట్లు అస్సలు కనపడవు. నాలుగైదు దిక్కుల నుంచి వెయ్యండి, లేదా స్కై వ్యూ ఫ్యాక్టర్ అని ఒక పద్ధతి ఉంది, దానికి దిక్కుతో సంబంధం లేదు.

ఆయ్_కోనసీమ:
మరి ఆ తెగిన గీతల సంగతేంటండి? దున్నిన చాళ్ళు కావు కదా? యుద్ధం టైములో ఇంగ్లండ్ వాళ్ళు తిండికి లేక పార్కులు కూడా దున్నేశారని ఎక్కడో చదివా.

పాతరాయి:
దున్నడం నిజమే, న్యూ ఫారెస్ట్ లో కూడా యుద్ధకాలంలో కొన్ని గడ్డి మైదానాలు దున్ని పంటలు వేశారు, తర్వాత మళ్ళీ గడ్డి విత్తారు. కానీ చాళ్ళయితే దగ్గర దగ్గరగా, తెగకుండా, చేను హద్దు దాకా పోతాయి. ఇవి ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి, పైగా అడ్డంగా ఇంకో వరస కోస్తోంది. ఎవరైనా రైతు ఇలా దున్నుతాడా?

మ్యాప్_పిచ్చి:
గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ఆపే కాలవలు! నూటికి నూరు పాళ్ళు. 1940 మే 10 న జర్మన్లు బెల్జియంలో ఎబెన్ ఎమాయెల్ కోట కప్పు మీదనే గ్లైడర్లు దింపి దాన్ని పట్టేశారు, అది చూసి బ్రిటన్ కి వణుకు పుట్టింది, రేపు మన దగ్గర కూడా చదునుగా చెట్టు లేని చోటల్లా దిగిపోతారేమో అని. చదునుగా చెట్టు లేని చోటంటే ఇంకేముంటుంది, హీత్ లే. ఆ ఎండాకాలం అంతా హీత్ ల మీద, కామన్ ల (ఊరుమ్మడి మేత నేలల) మీద పొడుగాటి కాలవలు తవ్వారు, తవ్విన మట్టిని పక్కన కుప్పలుగా పోశారు, విమానం చక్రం కాలవలో పడకపోతే కుప్పకి కొట్టుకోవాలి. ఏ దిక్కు నుంచి దిగినా తగిలేలా అడ్డంగా ఇంకో వరస. మీ ఫొటోలో మట్టి తెల్లగా ఉందన్నారు చూడండి, హీత్ లో పైన కుళ్ళిన మొక్కల నల్లటి పీట్ పొర, దాని కింద బూడిద రంగు తెల్ల ఇసక, కొత్తగా తవ్వితే పైనుంచి మెరిసిపోతుంది. రెండు వేల ఏళ్ళ కాలవకి ఆ తెల్లదనం ఎక్కడ మిగులుతుంది.

సఫోక్ లో సటన్ హూ తెలుసు కదా, 1939 లో ఓడ సమాధి, బంగారం బయటపడ్డ చోటు. తర్వాత యుద్ధంలో ఆ సమాధి దిబ్బల మధ్యలోంచే ఈ గ్లైడర్ కాలవలు తవ్వారు, దిబ్బల మీద ఆర్మీ వాహనాలు కూడా తోలారు. అంటే 7వ శతాబ్దం రాజుల సమాధులూ 1940 కాలవలూ ఒకే ఫొటోలో. హీత్ అంటేనే అంత, ఎవడూ దున్నడు కాబట్టి ఏది తవ్వినా అలాగే ఉండిపోతుంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా మరి మ్యాపుల ఎందుకు లేదు గిదంత? బ్రిటిషోళ్ళు చెట్టు పుట్ట గూడ మ్యాపులేసెటోళ్ళు గద.

మ్యాప్_పిచ్చి:
మిలిటరీవి కావాలనే వెయ్యలేదు తమ్ముడూ. మ్యాపులే కాదు, యుద్ధం అయ్యాక ఆర్డినెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళు విమానం ఫొటోలు అతికించి ఫొటో మ్యాపులు అమ్మితే, సెక్యూరిటీ అని అవి వెనక్కి తీసుకుని, ఎయిర్‌ఫీల్డ్ ఉన్నచోట పొలాలు పెయింట్ చేసి మళ్ళీ వేశారు. నిజంగా! కాబట్టి మ్యాపులో లేదంటే అక్కడ లేదని కాదు.

హీత్_నడక బ్రో, స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్ లో ఇంగ్లండ్ పాత మ్యాపులు కూడా ఉన్నాయి, 19వ శతాబ్దం మైలుకి ఆరంగుళాల స్కేలు మ్యాపు ఇప్పటి శాటిలైట్ మీద పరిచి చూపిస్తుంది. చతురస్రాలు అందులో ఉంటే కథ అయిపోయినట్టే. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, చిన్న గట్లని సర్వేయర్లు చాలాసార్లు వదిలేశారు.

హీత్_నడక:
చూశాను. చతురస్రాల్లో రెండు ఉన్నాయి!! చుక్కల గీతతో. అంటే 19వ శతాబ్దానికే ఉన్నాయి. గీతలు, రింగులు లేవు. లైడార్ కూడా వేశా, చతురస్రాలకి అంచు గట్టు, బయట కాలవ స్పష్టంగా ఉంది, మధ్య చదును. గీతలు చాలా మసకగా, కొన్నిచోట్ల పూడ్చేసినట్టున్నారు.

ఇక రింగులు. పెద్ద రింగు అంచు నుంచి అంచుకి 10 మీటర్లు వచ్చింది. ఇది కాంస్య యుగం సమాధి అవునా? బారో అంటారు కదా, ఆ పక్క హీత్ మీద చాలా ఉన్నాయి, బోర్డులు కూడా పెట్టారు.

పాతరాయి:
బారోల్లో డిస్క్ బారో అని ఒక రకం ఉంది. బయట గుండ్రటి గట్టు, లోపల కాలవ, మధ్యలో చిన్న దిబ్బ. పైనుంచి చూస్తే సరిగ్గా రింగులో చుక్క. దాన్ని కొట్టిపారెయ్యలేం.

లలిత_జీఐఎస్:
సైజు కుదరట్లేదు సర్. డిస్క్ బారోలు చాలా పెద్దవి, దీనికి మూడు నాలుగు రెట్లు సులువుగా ఉంటాయి. 10 మీటర్ల రింగులో మధ్య దిబ్బకి, ఖాళీకి చోటెక్కడిది?

హీత్_నడక గారూ, ఆ రింగు నుంచి రోడ్డు దాకా తెల్లగా అరిగిన దారి ఏమైనా ఉందా ఫొటోలో? పక్కన చిన్న దీర్ఘచతురస్రాలు?

హీత్_నడక:
ఉందండి! రోడ్డు నుంచి నేరుగా రింగు దగ్గరకి వచ్చి ఆగిపోయింది. పక్కన పాకల్లాంటివి రెండు మూడు, తెల్లటి పలకల్లా ఉన్నాయి.

మ్యాప్_పిచ్చి:
సర్చ్‌లైట్ 🙂 అంటే రాత్రి వచ్చే శత్రు విమానాల్ని వెతికే పెద్ద లైటు. సౌతాంప్టన్ రేవు, పోర్ట్స్‌మత్ నేవీ రెండూ పక్కనే కదా, బాంబర్లు వచ్చే దారి. లైటు చుట్టూ పేలుడు ముక్కలు తగలకుండా గుండ్రంగా మట్టికట్ట, మధ్యలో లైటు, పక్కన చిన్న రింగులు లూయిస్ గన్ (మెషిన్ గన్) కోసమో, విమానం శబ్దం వినే పరికరం కోసమో. పాకలు సిబ్బందివి, దారి లారీ జనరేటర్ కోసం. బారోలు అనుకుని రికార్డయినవి తీరా చూస్తే సర్చ్‌లైట్ అయినవి ఇంగ్లండ్ లో ఉన్నాయి.

పాతరాయి:
పెద్ద రింగు వరకు మీతో ఏకీభవిస్తాను. మరి చిన్న రింగుల్లో తూర్పు వైపుది చూశారా? ఆయన పెట్టిన లైడార్ లో దాని మధ్య భాగం చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో ఉంది. గన్ గొయ్యి అయితే చుట్టుపక్కల కంటే పల్లంగా ఉండాలి. నా లెక్కలో అది పాత బారో, సైనికులు ఎత్తుగా ఉంది కదా అని దాని నెత్తిన గన్ పెట్టుకున్నారు. మనవాళ్ళు ఊరి దిబ్బ మీద మంచె వెయ్యరూ?

మ్యాప్_పిచ్చి:
అవ్వొచ్చు సర్, కానీ లలిత గారన్నట్టు అది గోర్స్ పొద కూడా అవ్వొచ్చు. లేదా చెట్ల గుంపు కోసం కట్టిన గట్టు. 18వ శతాబ్దం చివర్లో ఈ హీత్ ల మీద ఎత్తైన చోట్ల పైన్ చెట్ల గుంపులు నాటారు, చుట్టూ గుండ్రంగా గట్టు వేసేవాళ్ళు పశువులు తినకుండా.

పాతరాయి:
చెట్ల గుంపు గట్టు ఇంత చిన్నగా ఉండదు. నేను బారో అనే అంటాను.

ఓరుగల్లు_పోరడు:
గీ విమానం ఫొటోలతోని పాతవి వెతుకుడు ఎప్పటిసంది మొదలైంది? ఊకెనే అడుగుతున్న.

లలిత_జీఐఎస్:
1906 లో స్టోన్‌హెంజ్ ని ఆర్మీ బెలూన్ నుంచి తీశారు, కానీ దాన్ని ఒక పద్ధతిగా వాడింది మాత్రం ఓ జి ఎస్ క్రాఫర్డ్. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో అబ్జర్వర్ గా చేసి, 1920 లో ఆర్డినెన్స్ సర్వేలో మొదటి ఆర్కియాలజీ ఆఫీసర్ గా చేరాడు. సర్వే ఆఫీసు అప్పట్లో సౌతాంప్టన్ లోనే, ఇప్పుడూ అంతే. 1923 లో ఆర్ఏఎఫ్ ఫొటోలు చూస్తూ స్టోన్‌హెంజ్ అవెన్యూ (ఆ రాళ్ళ దగ్గరకి పోయే పురాతన దారి) ఎటు పోతుందో పట్టేశాడు. మరుసటి ఏడాది అలెగ్జాండర్ కెయిలర్ అని మార్మలేడ్ కంపెనీ వారసుడు డబ్బు పెడితే ఇద్దరూ విమానం అద్దెకి తీసుకుని దక్షిణ ఇంగ్లండ్ లో చాలా చోట్ల ఫొటోలు తీశారు. కానీ వాళ్ళకి బాగా కలిసొచ్చింది సుద్ద నేలలు, అక్కడ పైరు రంగు తేడాతో పూడిపోయిన కాలవ కూడా కనపడుతుంది. హీత్ లో పైరే లేదు, వాలు ఎండలో నీడ ఒక్కటే దిక్కు, లేదా హెదర్ కాల్చినప్పుడు.

ఓరుగల్లు_పోరడు:
మా దిక్కు గిట్ల ఫొటోలు దొరుకుతయా అక్కా? వరంగల్ కోట శాటిలైట్ల చూస్తే రాతికోట గుండ్రం, దాని బయట మట్టికోట ఇంకో గుండ్రం మంచిగనే కొడ్తది. గని ఊర్ల దిక్కు పాత గట్లన్ని ఇండ్లయినయ్.

లలిత_జీఐఎస్:
కరోనా అని (జబ్బు కాదు 😀) అమెరికా గూఢచారి శాటిలైట్లు, 1960 నుంచి 1972 దాకా ఫిల్మ్ మీద తీశాయి, 1995 లో బయటపెట్టారు. తర్వాతి కెమెరాల్లో దాదాపు 2 మీటర్ల వివరం ఉంటుంది. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) సైట్ లో మీ ఊరి మీద గడి గీసి వెతకండి, ముందే స్కాన్ అయినవి ఫ్రీ. మండు వేసవివి ఏరుకోండి, వానాకాలంవి మబ్బులే.

మోడరేటర్:
టాపిక్ బాగుంది, ఒక్క మాట. ఎవరూ గ్రిడ్ రిఫరెన్స్ ఇక్కడ పెట్టకండి, పాత దిబ్బల చోటు తెలిస్తే రాత్రిళ్ళు మెటల్ డిటెక్టర్ తో తవ్వే బ్యాచ్ ఉంది. షెడ్యూల్డ్ మాన్యుమెంట్ (చట్టం రక్షణలో ఉన్న పురాతన చోటు) మీద పర్మిషన్ లేకుండా డిటెక్టర్ వాడితే 1979 చట్టం కింద నేరం. ఇంకోటి, న్యూ ఫారెస్ట్ లో ఆష్లీ వాక్ అనే చోట యుద్ధంలో బాంబుల టెస్టింగ్ రేంజ్ ఉండేది, 1945 మార్చి 13 న పది టన్నుల గ్రాండ్ స్లామ్ బాంబుని అక్కడే వేసి చూశారు. ఇనుప ముక్క ఏదైనా కనిపిస్తే ముట్టుకోకండి, పోలీసులకి ఫోన్ చెయ్యండి.

ఆయ్_కోనసీమ:
పది టన్నులా అండి బాబూ. దానికి గొయ్యి కూడా కనిపిస్తుందా పైనుంచి?

మ్యాప్_పిచ్చి:
గోతులు బోలెడు కనిపిస్తాయి, చాలావాటిలో ఇప్పుడు నీళ్ళు నిలిచి గుర్రాలు తాగుతున్నాయి. టార్గెట్ కోసం కట్టిన పెద్ద కాంక్రీటు కట్టడాన్ని యుద్ధం అయ్యాక మట్టి కప్పేశారు, తెలియనివాడు చూస్తే మహా పెద్ద బారో అనుకుంటాడు. నీ చోట గోతులుంటే గుర్తు ఏంటంటే, ఒకే వరసలో ఇంచుమించు సమాన దూరంలో ఉంటే ఒకే విమానం జార్చిన బాంబులు. చెల్లాచెదురుగా సైజు తేడాలతో ఉంటే కంకర కోసమో బంకమట్టి కోసమో ఊరివాళ్ళు తవ్వుకున్నవి.

బ్యూలీ రోడ్ స్టేషన్ దగ్గర బిషప్స్ డైక్ కూడా చూడు ఎప్పుడైనా, బురద నేల చుట్టూ వంకర టింకరగా పోయే గట్టు. వించెస్టర్ బిషప్ ఒక్క రోజులో చేతులు మోకాళ్ళ మీద పాకి ఎంత చుట్టొస్తే అంత నేల ఇస్తానని రాజు అన్నాడట, ఈయన పాకిన దారే ఆ గట్టు అని కథ. మన వామనుడు మూడడుగుల్లో తేల్చేశాడు, పాపం ఈయన బురదలో పడి పాకాడు.

హీత్_నడక:
హహ. సరే అయితే నేను వెళ్ళి ఆ తూర్పు రింగు చూసొస్తా. ఎప్పుడు వెళ్తే మంచిది? డ్రోన్ ఎగరెయ్యొచ్చా?

పాతరాయి:
డ్రోన్ కి అక్కడ ముందస్తు అనుమతి కావాలి, ఆ ఆలోచన మానుకోండి. ఫిబ్రవరిలో వెళ్ళండి. బ్రాకెన్ ఎండి పడిపోయి ఉంటుంది, ఎండ రోజంతా వాలుగానే ఉంటుంది కాబట్టి అరడుగు గట్టుకి కూడా నీడ పడుతుంది. మార్చి నుంచి జూలై దాకా నేల మీద గూళ్ళు పెట్టే పక్షులుంటాయి, ఆ నెలల్లో దారి దిగి హీత్ లోకి పోకూడదు. ఈ చలికాలం అక్కడ హెదర్ కాల్చి ఉంటే మీ అదృష్టం, నేల నున్నగా బయటపడుతుంది. రింగు మధ్యలో నిలబడి అది చుట్టూ నేల కంటే ఎత్తో పల్లమో చూడండి చాలు, మన వాదన తేలుతుంది.

లలిత_జీఐఎస్:
వెళ్ళే ముందు పురాతన చోట్ల రికార్డులుండే వెబ్‌సైట్ హెరిటేజ్ గేట్‌వే లో ఆ చోటు వెతకండి, ఇప్పటికే రికార్డయి ఉండొచ్చు. లేకపోతే లొకేషన్, ఫొటో సార్టీ నంబర్ (విమానం ఏ ట్రిప్పులో తీసిందో చెప్పేది), ఫ్రేమ్ నంబర్, లైడార్ బొమ్మ కలిపి లోకల్ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డు ఆఫీసుకి మెయిల్ పెట్టండి. ఏమనుకుంటున్నారో రాయండి కానీ ఎందుకనుకుంటున్నారో కూడా రాయండి, వాళ్ళకి రెండోదే ముఖ్యం.

హీత్_నడక:
వెతికాను. చతురస్రాల్లో మూడు ఆల్రెడీ ఉన్నాయి, బీ గార్డెన్ అనే రాసుంది. గీతలు కూడా ఉన్నాయి, గ్లైడర్ అడ్డంకులు అని. రింగులు లేవు! సార్టీ నంబర్ ఫొటో అంచున తెల్ల అక్షరాల్లో ఉన్నదేనా?

మ్యాప్_పిచ్చి:
అదే బ్రో. దాని పక్కనే తేదీ, ఫ్రేమ్ నంబర్ కూడా ఉంటాయి, మొత్తం రాసి పంపు. సార్టీ దొరికితే పక్క ఫ్రేమ్ నేను వెతికి పెడతా, పాతరాయి గారికి స్టీరియోలో చూపిద్దాం.

పాతరాయి:
పెట్టండి. నా పాత స్టీరియోస్కోప్ ఇక్కడే ఉంది.